ఆదివారం గారికి, ఓ ప్రొజెక్టర్ బ్రదర్ రాయునది

గౌరవనీయులైన ఆదివారం గారికి,

వందనాలండి. క్యాలెండర్‌లో మిమ్మల్ని ఎర్ర అక్షరాల్లో వేస్తే అది సెలవు గుర్తనుకుంటూ ఇంతవాణ్ణయ్యాను. డేంజర్ గుర్తని మొన్ననే అర్థమైంది.

జరిగిందంతా మీరూ చూశారు, అయినా చెప్తాను. శనివారం రాత్రి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు. అమెరికా వాళ్ళు అంతా ఓకే అనేసరికి ఇక్కడ తెల్లవారుజామున నాలుగు. ఏడున్నరకి చర్చిలో సౌండ్ చెక్. పాటల స్లైడ్లు మార్చేది నేనే, మూడేళ్ళుగా నేనే, చర్చి కంప్యూటర్ పాడైన దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ కూడా నా ఆఫీసుదే. పోయిన నెల ఒక్క వారం సెలవు అడిగితే "దేవుని పనికి సెలవేంటి బ్రదర్" అని భుజం తట్టి, అదే చేత్తో ప్రొజెక్టర్ వైరు అందించారు. మా మేనేజరే నయం, కనీసం "చూద్దాం" అంటాడు.

ఆ రోజు వాక్యం ఏంటో గుర్తుందా? మత్తయి 11:28. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును." తెర నిండా ఇవే అక్షరాలు. పాస్టరు అయ్యగారు దాన్ని గంటా పది నిమిషాలు వివరించారు. మూడో పాయింటు దగ్గర నా కళ్ళు మూతపడ్డాయి, వేలు మాత్రం కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కిపట్టే ఉంది. ఇంకేముంది, స్లైడ్లు వాటంతట అవే పరుగు. కానుకల పాట, ప్రకటనలు, ముగింపు ప్రార్థన, అన్నీ అయిపోయి నా డెస్క్‌టాప్ బయటపడింది. సరిగ్గా అప్పుడే కింద కుడిపక్క మేనేజర్ మెసేజ్ లేచింది: "ఉన్నావా? ఒక్క ఐదు నిమిషాల కాల్." గుడంతా చదివింది. ముందు వరసలో కూర్చునే రిటైర్డ్ టీచర్ మామ్మగారైతే పైకే చదివారు.

ఒకాయన రండి అని పిలిచిన తెర మీదే ఇంకొకాయనా పిలిచాడు. తేడా అల్లా, మొదటాయన విశ్రాంతి ఇస్తానన్నాడు.

అయ్యగారు మైకులో ఐతుకు కథ అందుకున్నారు, అందరూ నవ్వారు. బైబిల్లో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డ కుర్రాడు. నేనూ నవ్వాను. కానీ అపొస్తలుల కార్యములు 20లో ఆ పిల్లాణ్ణి ఎవరూ తిట్టినట్టు లేదండి, పౌలు కిందికి దిగి వెళ్ళి కౌగిలించుకున్నాడు. తర్వాత పైకెళ్ళి తెల్లారేదాకా మళ్ళీ మాట్లాడాడనుకోండి, అది వేరే సంగతి.

ఇక మధ్యాహ్నం యూత్ మీటింగ్, ఆ తర్వాత క్వాయర్ ప్రాక్టీస్, రాత్రికి ఎవరింట్లోనో గృహ కూడిక. వాట్సాప్ గ్రూపులో గులాబీపువ్వు మీద వాక్యం ఉదయం ఐదింటికే దిగుతుంది. వీటి గురించి నేను మాట్లాడను.

మీ పుట్టుపూర్వోత్తరాలు చదివానండి. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి మీ పేరు మీద పనులు ఆపించాడు, పొలం పనులకి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. ప్రొజెక్టర్ పని ఏ లెక్కలోకి వస్తుందో మరి. మన దగ్గర నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికుల కోసం ఏళ్ళ తరబడి పోరాడితే 1890లో గానీ ఆ సెలవు దక్కలేదు. అంత కష్టపడి తెచ్చుకున్న రోజువి, నీకు సిగ్గనిపించదా?

అవును, నువ్వనే అన్నాను. మార్చిలో ఒక సోమవారం ఆఫీసు సెల్లార్‌లో బండి ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నాను, లిఫ్ట్ దాకా నడవడానికి కాళ్ళు రాలేదు. చర్చిలో చెప్తే ఒకరు "ప్రార్థన తగ్గింది" అన్నారు, ఇంకొకరు ఉపవాసం ఉండమన్నారు. తిండి సహించట్లేదని చెప్పిన మనిషిని! బైబిల్లో ఏలీయా ప్రవక్తకి ఏం జరిగింది? కర్మెలు కొండ మీద అగ్ని దింపిన మనిషి, యెజెబెలు రాణి ఒక్క బెదిరింపుతో అరణ్యానికి పారిపోయి, చెట్టు కింద పడి "ఇంతమట్టుకు చాలును" అన్నాడు. దూత వచ్చి ఏమన్నా క్లాసు పీకాడా? నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్ళు పెట్టి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. రెండుసార్లు వచ్చి రెండుసార్లూ ముందు తినమనే అన్నాడు. ఇది చదివి కూడా నా చేతికి వైరు ఇచ్చారంటే ఏమనాలి?

సరే, ఒకటి ఒప్పుకోవాలి. ఆరాధన అయ్యాక తలొంచుకుని ఆ వైరే చుడుతుంటే మామ్మగారొచ్చి స్టీలు బాక్సు మూత తీశారు. పెరుగన్నం, అంచున ఆవకాయ ముక్క. "అది అక్కడ పడేయ్ నాన్నా, ముందు తిను." తిన్నాను, బాక్సంతా. "ఇప్పుడు పడుకో" అని సండే స్కూలు గదిలో చాప పరిచి, నోవహు ఓడ చార్టు కింద నన్ను పడుకోబెట్టి, తను గుమ్మంలో కుర్చీ వేసుకుని బైబిలు తెరుచుకున్నారు. పక్క హాల్లో యూత్ మీటింగ్ చప్పట్లు నాకు వినపడనే లేదు. ఐదింటికి లేచాను. మధ్యలో యూత్ లీడర్ నన్ను వెతుక్కుంటూ వచ్చాడట. మామ్మగారు తల కూడా ఎత్తకుండా "ప్రభువునందు నిద్రిస్తున్నాడు బాబూ" అన్నారట. చర్చి భాషలో అది పోయినవాళ్ళ గురించి అనే మాట. పాపం, కుర్రాడు గోడ పట్టుకున్నాడట.

వచ్చే వారం వస్తాను. ల్యాప్‌టాప్ తేను, బాణం గుర్తు ఎవరు నొక్కినా పనిచేస్తుంది. ఆ చాప మాత్రం ఎవర్నీ తీయనీయకు.

ఇట్లు,
ప్రొజెక్టర్ టేబుల్ దగ్గరి బ్రదర్