కొట్టు వారసుడిదా, నడిపేవాడిదా?

‘చెరువుగట్టు పెద్దమ్మ – 640. తాపీ మేస్త్రి, పొడుగాయన – 1,150. గేటు డ్రైవరు తమ్ముడు, పెళ్లికి – 2,300.’

శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో పద్దులు ఇలా ఉండేవి. ఇంటిపేర్లు లేవు, ఫోన్ నంబర్లు లేవు. రాసుకున్న షావుకారుకు వాటితో పనిలేదు. కిడ్నీలు పాడై ఒకరోజు ఉన్నట్టుండి ఆయన పడిపోయారు. ఆసుపత్రిలో చేర్చాక ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్న ఆయన భార్యకు తల తిరిగిపోయింది. రైల్వే గేటు దగ్గర ఆటో డ్రైవర్లే ఐదుగురు. వాళ్లలో ముగ్గురికి తమ్ముళ్లున్నారు.

మా వైపు కిడ్నీ జబ్బు కొత్త కాదు. ఉద్దానం పేరు దేశమంతా తెలిసిందే ఆ జబ్బుతో. దానికోసమే పలాసలో 200 పడకల ఆసుపత్రి కట్టి 2023 డిసెంబరులో తెరిచారు. డయాలసిస్ వారానికి ఎన్నిసార్లు, ఎన్టీఆర్ వైద్య సేవలో (పాత ఆరోగ్యశ్రీ) ఏది వస్తుంది, ఏది రాదు అన్నది టీ బడ్డీ దగ్గర అడిగినా చెబుతారు. మనిషితోపాటు అతని కొట్టు కూడా మంచాన పడుతుందన్న సంగతి మాత్రం ఎవరి నోటా రాదు. ఎవరైనా ఎత్తితే ‘అవేం మాటలు, అశుభం’ అని నోరు మూయిస్తారు. మూయించేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. రోగి ముందు ఆస్తి మాటెత్తితే ఆయన పోవాలని చూస్తున్నట్టు ఉంటుందేమోనని భయం, అంతే.

కానీ చట్టం దృష్టిలో వారసుడు ఒకరు, రేపు పొద్దున షట్టరు ఎత్తి బోణీ చేయగలిగేది ఇంకొకరు. చిన్న వ్యాపారాల్లో చాలాసార్లు ఈ ఇద్దరూ ఒకరే కారు. వాళ్లిద్దరి మధ్య ఒప్పందం కుదర్చగలిగింది యజమాని ఒక్కడే, అదీ మాట స్పష్టంగా ఉన్నప్పుడే. హఠాత్తుగా పోయినవాడికి ఆ వ్యవధి దొరకదు. నెలల తరబడి మందులు వాడేవాడికి దొరుకుతుంది. దాన్ని మనం మొహమాటానికి తగలేస్తున్నాం.

అసలు ఒక కిరాణా కొట్టులో ఉన్నదేమిటి? నాలుగు బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, ఒక ఫ్రిజ్, తూకం మిషను. అవన్నీ కలిపి అమ్మితే వచ్చేది అంతంత మాత్రమే. విలువంతా పరపతిలో ఉంటుంది. ఎవరికి ఎంతవరకు అరువివ్వొచ్చు, ఎవరి దగ్గర కోతలయ్యాకే అడగాలి, ఏ ఏజెన్సీవాడు పది రోజులు ఆగుతాడు, ఏ లైను బండివాడు ఆగడు అన్నది ఆయనకు తెలుసు. ఇందులో సగం కూడా కాగితం మీద ఉండదు. కాగితం మీదున్న దానికీ కోర్టులో బలం తక్కువే. క్రమం తప్పకుండా రాసిన లెక్కల పుస్తకాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు కానీ, ఒట్టి పద్దు చూసి ఎవరి మీదా బాకీ మోపరు. పాత సాక్ష్యాధారాల చట్టం చెప్పిందదే, 2024 జూలైలో దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టమూ అదే చెబుతోంది. సరుకు అరువిచ్చిన బాకీకి దావా గడువు మూడేళ్లు. యజమాని పోయాక ఆయనకు రావాల్సిన బాకీ మీద డిక్రీ (కోర్టు తీర్పు) కావాలంటే మామూలుగా వారసులు సక్సెషన్ సర్టిఫికెట్, అంటే ఆ బాకీ వసూలు చేసుకునే హక్కు వాళ్లదని కోర్టు ఇచ్చే పత్రం, చూపించాలి. చెరువుగట్టు పెద్దమ్మ 640 రూపాయల కోసం కోర్టు మెట్లెక్కేదెవరు?

అంటే ఆ పుస్తకంలోని అంకెలు ఆయన ఉన్నంతవరకే డబ్బు. ఆయనే వెళ్లి ‘ఏమ్మా, పండగ అయిపోయింది కదా’ అంటే వస్తాయి. కొడుకు వెళ్లి అడిగితే ‘మీ నాన్నకి ఇచ్చేశాను బాబూ’ అనేవాళ్లు కొందరుంటారు. నిజంగా ఇచ్చినవాళ్లూ ఉంటారు, అదే తేలదు.

ఇప్పుడు గల్లా పెట్టె కూడా సగం ఖాళీ. డబ్బంతా గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ మీద నడుస్తోంది. ఆ కోడ్ ఆయన సొంత బ్యాంకు ఖాతాకి, ఆ ఖాతా ఆయన సిమ్ముకి ముడిపడి ఉంటాయి. ఆయన ఐసీయూలో ఉంటే కొట్టులోని స్పీకరు ‘డబ్బులు అందాయి’ అని చెబుతూనే ఉంటుంది, ఏజెన్సీకి కట్టడానికి మాత్రం ఒక్క రూపాయి కదలదు. ఫోన్ లాక్ ఎవరికీ తెలియదు. ఆసుపత్రి బిల్లు టెన్షన్ ఒకపక్క, ఓటీపీ టెన్షన్ ఇంకోపక్క. మనిషి పోతే బ్యాంకు ఖాతాని ఆపేస్తుంది. సొంత పేరున నడిపే వ్యాపార ఖాతాకి కూడా నామినేషన్ పెట్టుకోవచ్చు, 2025 నవంబరు నుంచి నలుగురి పేర్లదాకా రాయొచ్చు. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. రాసినవాళ్లలోనూ నామినీయే యజమాని అనుకునేవాళ్లు ఎక్కువ. నామినీ డబ్బు అందుకుని అసలు వారసులకు అప్పగించాల్సిన మనిషి మాత్రమే. ఈ మాట సుప్రీం కోర్టు 1984లోనే చెప్పింది, 2023లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

‘పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం, ఇంకేం భయం లేదు’ అనే ధీమా మరొకటి. అది ఒకరి తరఫున సంతకాలు పెట్టే అధికారం. కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ అధికారం ఇచ్చిన మనిషితోనే పోతుంది. చనిపోతేనే కాదు, మతిస్థిమితం తప్పినా చెల్లదు. సరిగ్గా ఎప్పుడు కావాలో అప్పుడే పనికిరాని కాగితమది. కోమాలో ఉన్న మనిషి ఆస్తి వ్యవహారాలు చూసేందుకు ఒకరిని నియమించే ప్రత్యేక చట్టం మనకు లేదు. కుటుంబాలు హైకోర్టులో రిట్ వేసుకుంటున్నాయి. కేరళ హైకోర్టు 2019లో ఇందుకు మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. కొట్టు అన్నాళ్లు ఆగదు. పక్క వీధిలో ఇంకొకటి ఉంటుంది, జనం అటు వెళ్లిపోతారు.

ఇక వారసుల సంగతి. వీలునామా లేకుండా హిందూ యజమాని పోతే ఆయన స్వార్జితమైన కొట్టు భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే ఆయన తల్లికి సమానంగా వెళ్తుంది. కూతురికి వాటా 2005 తర్వాతే వచ్చిందని ఊళ్లలో ఇప్పటికీ అంటారు. అది పూర్వీకుల ఉమ్మడి ఆస్తి గొడవ. అందులోనూ మన రాష్ట్రం 1986లోనే ముందడుగు వేసింది. తండ్రి సొంతంగా సంపాదించిన దాంట్లో ఆడపిల్ల వాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. అదే చట్టంలో 22వ సెక్షన్ ఒకటుంది, చిన్న వ్యాపారాలవాళ్లు తెలుసుకోవాల్సింది. వ్యాపారం నలుగురు వారసులకు వచ్చి, ఒకరు తన వాటా అమ్ముకోవాలనుకుంటే కొనుక్కునే మొదటి హక్కు మిగతా ముగ్గురిదే. ధర కుదరకపోతే కోర్టు తేలుస్తుంది. కొట్టు బయటివాడి చేతికి పోకుండా చట్టం వేసిన కంచె అది. కంచె లోపల కొట్టు నడిపేవాడు ఉన్నాడా అన్నది మాత్రం చట్టం చూడదు.

మా షావుకారుగారి అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కూతురు పెళ్లై విజయవాడలో ఉంది. కొట్టులో పదిహేడేళ్లుగా పొట్లాలు కట్టి, మెట్ల మీద నిలబడి సరుకందించి, షావుకారు భోజనానికి వెళ్తే గల్లా చూసుకున్నది గుమాస్తా. మధ్యాహ్నాలు కూర్చునేది భార్య. ఏ పప్పు ఎవరికి నచ్చుతుందో ఈ ఇద్దరికీ తెలుసు. బంధువులు మాత్రం ‘కొడుకుండగా పరాయివాడికి ఇస్తారా’ అని మొదలుపెట్టారు. కొడుకు ఉద్యోగం మానేసి రావాలని ఒక పెద్దాయన తీర్పు కూడా ఇచ్చేశాడు. నాకు ఆ అబ్బాయి తప్పేమీ కనబడలేదు. ‘నేను రాను నాన్నా’ అని మొహం మీద చెప్పాడు. చెప్పకుండా నానబెట్టే కొడుకుల వల్లే కొట్లు మూతపడతాయి. తండ్రి ‘వాడు వస్తాడులే’ అని ఎవరికీ పని అప్పగించడు, కొడుకు ‘నాన్న బాధపడతారు’ అని రానని చెప్పడు. ఈలోపు గుమాస్తా ఇంకో చోట చేరిపోతాడు.

గుమాస్తాకి అప్పగించాలంటే నమ్మకం ఒక్కటే చాలదు. చాలామంది చేసేది ఇద్దరి పేరున భాగస్వామ్య పత్రం రాసుకోవడం. ‘ఒకరు పోయినా సంస్థ కొనసాగుతుంది’ అని అందులో ఒక వాక్యం రాయిస్తారు. ముగ్గురు, నలుగురు ఉన్నచోట ఆ వాక్యం పనిచేస్తుంది. ఇద్దరే ఉంటే పనిచేయదు. మిగిలేది ఒక్కడు, ఒక్కడితో భాగస్వామ్యం ఉండదు కాబట్టి. సుప్రీం కోర్టు 1965లోనే ఈ మాట తేల్చేసింది. అందుకే షావుకారు, ఆయన భార్య, గుమాస్తా ముగ్గురూ ఉండేలా పత్రం రాసుకుంటే ఒకరు లేకపోయినా ఇద్దరు మిగులుతారు. సంస్థ పేరున బ్యాంకు ఖాతా, దానికే క్యూఆర్ కోడ్ పెట్టుకుంటే ఓటీపీ బెడదా తగ్గుతుంది. పెట్టుబడి లేని గుమాస్తా తన వాటాని నెలనెలా లాభంలోంచి కట్టుకోవచ్చు. ఎంతకి అన్నది మాత్రం అందరి ముందూ కూర్చుని తేల్చాలి. సరుకు కొన్నధరకు, ఫ్రిజ్ పాత సామానుగా, ఖాతా పుస్తకం బాకీల్లో వసూలయ్యేవాటికే లెక్క. పరపతికి ఎంత కడతారన్నది బేరం. ఆ బేరంలో కూతురూ కొడుకూ కూర్చోకపోతే తర్వాత గుమాస్తా మీద నింద పడుతుంది.

బాకీలు రెండువైపులా ఉంటాయి. తండ్రి అప్పుని ఉమ్మడి ఆస్తిలోని కొడుకు వాటాలోంచి కూడా తీర్చాలన్న పాత నియమం వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పోయింది. తనకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత. జీఎస్టీ దగ్గర మాత్రం మెలిక ఉంది. కొట్టు మూసేస్తే పాత పన్ను బాకీ ఆయన వదిలిన ఆస్తి వరకే. కొనసాగిస్తే ఆ బాకీ కొనసాగించేవాడి నెత్తిన పడుతుంది. కొన్నవాడూ తప్పించుకోలేడు. కాబట్టి గుమాస్తా సంతకం పెట్టేముందు పాత రిటర్నులన్నీ ఒకసారి ఆడిటరుకి చూపించుకోవాలి. జీఎస్టీ నంబరు కూడా మారుతుంది, అది ప్యాన్‌తో ముడిపడింది కాబట్టి. పాత నంబరులో మిగిలిన పన్ను జమను ఐటీసీ-02 ఫారంతో కొత్తదానికి మళ్లించుకోవచ్చు. అసలు రిజిస్ట్రేషన్ అవసరమా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. సరుకులమ్మే కొట్టుకు ఆంధ్రలో ఏటా 40 లక్షల అమ్మకాలు దాటితేనే, తెలంగాణలో 20 లక్షలకే. అదే కందిపప్పు, కృష్ణ దాటితే లెక్క వేరు.

ఆహార లైసెన్సు యజమాని పోయిన తర్వాత 90 రోజులపాటు కుటుంబానికి చెల్లుతుంది, ఆలోపు పేరు మార్పించుకోవాలి. మందుల షాపు కథ కష్టం. ఫార్మసిస్టు ఆయనే అయితే, సర్టిఫికెట్ ఉన్న ఇంకో మనిషి వచ్చేదాకా డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు అమ్మకూడదు. రేషన్ డీలర్‌షిప్ అసలు ఆస్తే కాదు, అధికారి ఇచ్చిన అనుమతి. టిఫిన్ హోటలుకి ఇవేవీ పెద్ద అడ్డంకి కావు గానీ, అల్లం పచ్చడి చెయ్యి ఆయనదే అయితే కాగితాలు ఎన్ని ఉన్నా ఏం లాభం.

వీలునామా ఆఖర్న రాయొచ్చులే అనుకోవడం అన్నిటికంటే ఖరీదైన తప్పు. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులుంటే చాలు. కానీ ఆక్సిజన్ మాస్కుతో ఉన్న మనిషి వేలిముద్రతో తయారైన వీలునామాని ఏ కోర్టయినా అనుమానంగానే చూస్తుంది. దాన్ని బయటపెట్టినవాడే ఆ అనుమానాలు తీర్చాలి. ముస్లిం ధర్మశాస్త్రంలో దీనికి పేరే ఉంది, మర్జ్-ఉల్-మౌత్, అంటే మరణానికి దారితీసిన జబ్బు. ఆ దశలో చేసిన దానం మూడో వంతు ఆస్తి వరకే చెల్లుతుంది. వారసుల్లో ఒకరికే ఇస్తే మిగతావాళ్లు ఒప్పుకోవాలి. జబ్బు మనిషి చేతిలో కలం పెట్టి సంతకం చేయించే బంధువులు ఎప్పుడూ ఉంటారని ఆ నియమం రాసినవాళ్లకు తెలుసు.

కొట్టు మూసేయడం కూడా ఒక నిర్ణయమే. ఎవరికీ చేతకానప్పుడు ఏజెన్సీల బాకీ తీర్చి, గుమాస్తాకి ఇవ్వాల్సింది ఇచ్చి, తలుపు వేసుకోవడంలో పరువు తక్కువేమీ లేదు. ఆయన కళ్లముందు మూసేస్తే సరుకుకి ధర వస్తుంది. ఏడాది తర్వాత అయితే ఎలుకలకు పోను మిగిలింది కేజీల లెక్కన అమ్ముకోవాలి.

మా షావుకారుగారి అదృష్టం, ఆసుపత్రిలో రెండు వారాలకు తేరుకున్నారు. ఆ తర్వాత డయాలసిస్ వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు. భార్య పక్కన స్టూలు మీద కూర్చుని పుస్తకం తెరిచేది. ఆయన కళ్లు మూసుకుని ఒక్కో పద్దుకూ ఇంటిపేరు, వీధి, ఎప్పుడు అడగాలి అన్నది చెప్పేవారు, ఆమె పక్కన ఎర్ర పెన్నుతో రాసుకునేది. నాలుగు నెలల్లో పుస్తకం అయిపోయింది. భాగస్వామ్య పత్రం మీద ముగ్గురి సంతకాలు అయ్యాయి. కొడుకు, కూతురు సాక్షులు.

గేటు డ్రైవరు తమ్ముడి దగ్గర మాత్రం ఆయన చాలాసేపు ఆగారట. “పెళ్లికి బెల్లం పట్టుకెళ్లాడే... మొహం కనబడుతోంది, పేరు రావట్లేదు” అన్నారు. ఆమె ఆ 2,300 పక్కన ఎర్ర పెన్నుతో ‘మొహం తెలుసు’ అని రాసుకుంది.