పెళ్లి కాకముందే యువరాజైన మహానుభావుడికి ఒక విన్నపం

మహారాజశ్రీ ప్రిన్స్ ఆఫ్ పర్షియా వారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పద్ధతి. కానీ ఇది రాసే సమయానికి తమరు నేలమాళిగలో మేకులకు గుచ్చుకుని ఉన్నారు. నేను కీబోర్డును బల్ల చివరికి తోసేసి కూర్చున్నాను. కాబట్టి కుశల ప్రశ్నలు వదిలేసి నేరుగా విషయానికి వస్తాను.

1989లో బ్రోడర్‌బండ్ అనే కంపెనీ వాళ్లు తమరిని కంప్యూటర్ ఆటగా, యాపిల్ టూ కంప్యూటర్ మీద లోకానికి చూపించారు. మాకు దర్శనమిచ్చింది మాత్రం ఆ తర్వాతి డాస్ (విండోస్‌కు ముందు నాటి పీసీ) అవతారం. తొంభైలలో మన ఊళ్ల కంప్యూటర్ కోచింగ్ సెంటర్లలో ఫాక్స్‌ప్రో చెప్పే మాస్టారు టీకి బయటికెళ్లారంటే చాలు, తెర మీద తమరే. ఇప్పుడు బ్రౌజర్‌లోనే డాస్ ఆటలు నడుస్తున్నాయి కదా, ఒకసారి పలకరించి వద్దామని బుద్ధి పుట్టింది. పుట్టకుండా ఉండాల్సింది.

ముందు బిరుదు సంగతి తేలుద్దాం. కథ ప్రకారం తమరు యువరాజు కారు. సుల్తాను యుద్ధానికి పోయినప్పుడు ఆయన కూతురు మనసుపడ్డ ఎవరో పరదేశి. ఆటలో తమకు పేరు కూడా పెట్టలేదు. వజీరు జఫర్ తమరిని చెరసాలలో తోయించి, నన్ను పెళ్లాడతావా, గంటలో చస్తావా అని ఆ పిల్లను అడిగాడు. తమరు గెలిచి, పెళ్లి జరిగితే అప్పుడు యువరాజు. అంటే డబ్బా మీద అచ్చేసిన హోదా అంతా ఇల్లరికం మీద ఆధారపడి ఉంది. ఉద్యోగం రాకముందే విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నవాళ్లు మా వైపూ ఉన్నారు కాబట్టి దీన్ని పెద్దది చేయను.

అసలు గోడు తమ నడక గురించి. బాణం మీట నొక్కుతాను. తమరు వెంటనే కదలరు. ఒళ్లు కాస్త ముందుకు వంచి, కాలెత్తి, తీరిగ్గా వేగం అందుకుంటారు. మీట వదిలాక వెంటనే ఆగరు కూడా. ఇంకో అడుగు వేసి, కాళ్లు నిగడదన్ని, అప్పుడు ఆగుతారు. ఆ ఇంకో అడుగు పడే చోట సాధారణంగా నేల ఉండదు. గోతి అంచున గెంతమని పై బాణం నొక్కితే, వేస్తున్న అడుగు పూర్తయ్యాక గానీ నా మాట చెవిన వేసుకోరు. అప్పటికి గోతిలో ఉంటాం. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో మారియోను చూడండి, గెంతాక గాల్లో ఉండగానే వెనక్కి లాగితే వెనక్కి వస్తాడు, గురుత్వాకర్షణ మొహం చూడడు. తమరు ఒకసారి గెంతారంటే గెంతారంతే, బ్రహ్మదేవుడు కూడా తిప్పలేడు. రెండంతస్తులు పడితే ఒక ప్రాణం, మూడు పడితే మొత్తం. షిఫ్ట్ పట్టుకుని అడుగులో అడుగు వేస్తే అంచు దగ్గర బుద్ధిగా ఆగుతారు, నిజమే. కానీ ఇనుప దవడలు టకటకా మూసుకునే చోట అంత నెమ్మది పనికిరాదు. ఒక్క క్షణం లెక్క తప్పితే మనిషి రెండు ముక్కలు, దవడ పళ్లకు ఎరుపు.

ఈ మొండితనం ఎవరి పెంపకమో ఆరా తీస్తే తేలింది ఇది. తమ సృష్టికర్త జోర్డాన్ మెక్నర్ 1985లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పార్కింగ్ స్థలంలో తన తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు వేయించి, పరిగెత్తించి, గెంతించి, గోడ ఎక్కించి వీడియో తీశాడు. ఆ టేపును టీవీలో ఒక్కో ఫ్రేము దగ్గర ఆపుతూ ఫొటోలు తీశాడు. వాటిని కడిగించి, నల్ల మార్కరుతో, తెల్ల కరెక్షన్ ఇంకుతో ఆకారాలు దిద్ది కంప్యూటర్లోకి ఎక్కించాడు. (సంగీతం నాన్నగారు. తమ్ముడు హీరో, నాన్న సంగీతం, అన్న దర్శకత్వం. ఇలాంటి కుటుంబ కథలు మాకు కొత్తేం కాదు.) అంటే నేను మీట నొక్కినా వినకుండా అడుగు పూర్తి చేస్తున్నది ఆ పార్కింగ్ స్థలంలో పరిగెత్తుతున్న కుర్రాడు. అతని అడుగు ఎప్పుడో పడిపోయింది, దాన్ని సగంలో లాక్కోవడం నా వల్ల కాదు. తమరు అంచు పట్టుకుని వేలాడుతుంటే ఇప్పటికీ ఒంట్లో బరువు కనబడుతుందంటే కారణమూ ఆ కుర్రాడే. నన్ను చంపేదీ అదే, మళ్లీ మొదలుపెట్టించేదీ అదే. మీట నొక్కగానే కదిలే యువరాజు కావాలంటే ఈ బరువు వదులుకోవాలి. దీన్ని పొగడ్త అనుకోవద్దు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

గంట సంగతికి వస్తాను. ఆట మొత్తానికి 60 నిమిషాలు, అవీ మా గోడ గడియారం నిమిషాలు. లెవెళ్లేమో 12. ఎన్నిసార్లయినా చావొచ్చు, అడిగేవాడు లేడు. ఎంత ఉదారమో అని మురిసిపోతాం. చచ్చిన ప్రతిసారీ లెవెల్ మొదటికి వెళ్తుంది, గడియారం మాత్రం వెళ్లదు. మూడో లెవెల్ నుంచి సేవ్ చేసుకునే సౌకర్యం కూడా ఉంది. అది మిగిలిన నిమిషాలను కూడా పైసా తేడా లేకుండా దాచిపెడుతుంది. పది నిమిషాలు మిగలగా ఏడో లెవెల్లో సేవ్ చేసుకున్నవాడి చేతిలో ఉన్నది ప్రామిసరీ నోటు. ఎనిమిదో లెవెల్లో గేటు పడిపోయి, ఇక ఇంతే అనుకున్నప్పుడు రాకుమారి పంపిన తెల్ల ఎలుక బుడిబుడి వచ్చి నేలలోని మీట తొక్కి గేటు తెరుస్తుంది. ఇంత పెద్ద రాజమహల్లో నాకు సాయపడిన ఏకైక ప్రాణి అది.

కత్తియుద్ధం గురించి నాకు పేచీ లేదు. 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలో ఎరల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ తలపడిన ఘట్టం చూసి దిద్దుకున్నారట, ఆ దర్జా కనిపిస్తూనే ఉంది. కత్తి దొరక్కముందు మొదటి భటుడి ముందుకు వెళ్తే ఒక్క పోటుతో పని ముగిస్తాడు, అదొక్కటే అన్యాయం.

డాస్‌లో మొదటి లెవెల్ దాటగానే గది నిండా సీసాలు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం. ఆటతో వచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరుస, ఫలానా మాట మొదటి అక్షరం చూసుకుని ఆ సీసానే తాగాలి. దొంగ కాపీలను పట్టుకునే ఉపాయం. పది చేతులు మారి వచ్చిన ఫ్లాపీకి పుస్తకం ఎక్కడిది స్వామీ? అయితే ఆ ఫ్లాపీతో పాటు నోటిమాటగా ఒక మంత్రం కూడా వచ్చింది. డాస్‌లో ప్రిన్స్ అని కొట్టి, పక్కన మెగాహిట్ అని కలిపితే లెవెళ్లు దూకుతూ పోవచ్చు. ఆ మాట ఎన్నుకున్నవాళ్లు మా సినిమా పోస్టర్లు చూసి ఉండరు గానీ, పద్ధతి మాత్రం మాదే. ఎందుకంటే యాపిల్ టూ మార్కెట్ చల్లారుతున్న రోజుల్లో వచ్చిన తమ అసలు విడుదల అమెరికాలో పెద్దగా ఆడలేదు. మిగతా కంప్యూటర్లకు వెళ్లాకే వసూళ్లు.

తమ మీద కోపం తగ్గించుకోవాల్సి వచ్చేది నీడ దగ్గర. నాలుగో లెవెల్లో బయటికి పోయే తలుపు తెరిచాక, వచ్చిన దారికి అడ్డంగా ఒక అద్దం మొలుస్తుంది. పరిగెత్తుకొచ్చి అందులోకి దూకాలి. తమరు ఇటు పడతారు, అద్దంలోంచి తమ నీడ అటు పారిపోతుంది, ప్రాణాల్లో ఒక్కటే మిగులుతుంది. ఐదో లెవెల్లో నేను తాగాల్సిన సీసాను ఆ నీడ నా కళ్లముందే తాగేస్తుంది. ఆరో లెవెల్లో సరిగ్గా నేను గెంతే వేళకు మీట తొక్కి గేటు దించేస్తుంది. పన్నెండో లెవెల్లో ఎదురుపడుతుంది. ఇన్ని చేసినదాన్ని ఎవరు వదిలిపెడతారు? పొడుస్తాం. దాన్ని పొడిస్తే తగ్గేది మన ప్రాణం. చేయాల్సింది కత్తి ఒరలో పెట్టి దానికి ఎదురు నడవడం. ఇద్దరూ ఒక్కటవుతారు. ఆ తర్వాత ఖాళీలోకి పరిగెత్తితే కాలి కింద నేల పుట్టుకొస్తుంది. ఆట మొదటి నుంచీ అంచు కనబడితే ఆగరా అని కొట్టి కొట్టి నేర్పి, చివర్లో ఆగకుండా పొమ్మంటారు. ఇవేవీ ఎక్కడా చెప్పరు సుమా, ఆ గంటలోనే కనిపెట్టుకోవాలి. ఇంత చేసిన నీడ పుట్టింది వేదాంతం నుంచి కాదు. కొత్త శత్రువు బొమ్మలకు మెమరీ చాలక తమ బొమ్మనే తమ మీద కలిపి, ఒక చుక్క పక్కకు జరిపి చేశారు. ఖర్చు కలిసొస్తుందని హీరో చేత ద్విపాత్రాభినయం చేయించడం మాకూ తెలుసు, కానీ క్లైమాక్స్‌లో ఇంత న్యాయం చేసినవాళ్లు తక్కువ.

తమ వంశం బాగానే వృద్ధిలోకి వచ్చింది. గంట పెట్టి మమ్మల్ని చంపిన ఇంట్లోనే 2003 నాటి ఆటలో కాలాన్ని వెనక్కి తిప్పే బాకు పుట్టింది. తప్పు గెంతు గెంతితే చెరిపేసుకోవచ్చట! తమ పేరుతో మొదలుపెట్టిన ఇంకో ఆట పెరిగి పెద్దదై అసాసిన్స్ క్రీడ్ అయింది. ఆ ఆటలోని కుర్రాళ్లు చర్చి గోపురాలు ఎక్కుతారు, మీట పట్టుకుంటే చాలు, చేయి జారదు. 2012లో మెక్నర్ నాన్నగారికి ఒక పెట్టెలో పాత ఫ్లాపీలు దొరికాయి. వాటిలోని అసలు కోడ్‌ను మెక్నర్ అందరికీ తెరిచి పెట్టేశారు. ఏ పలక కాలు పెట్టగానే ఊడిపడాలో అందులో రాసి ఉంది. ఎవరైనా సరిచేయొచ్చు.

అలాగని పలకలు బిగించమని అడగను. మేకులు, దవడలు, గంట, ఆ ఇంకో అడుగు, అన్నీ యథాతథంగా ఉంచండి. ఆ తెల్ల ఎలుకకు మాత్రం ఇంకో రెండు లెవెళ్లలో డ్యూటీ వేయించగలరు.

ఇట్లు,
తమ బాణం మీటల దగ్గరి మనిషి