పెళ్లిచూపులు గారికి, మా చేపల తొట్టె పక్కనుంచి

పెళ్లిచూపులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీరు కూకట్‌పల్లిలోని మా ఇంటికి పదకొండోసారి వేంచేశారు. తొమ్మిది మంది వచ్చారు, మిర్చిబజ్జీలు చాల్లేదు. అబ్బాయి ఏం మాట్లాడాలో తెలియక చేపల తొట్టె వైపు చూస్తూ కూర్చున్నాడు. నేనూ అటే చూశాను.

అందులో ఉన్నవి గప్పీలు. మగది ఒళ్లు వంచి వణికిస్తూ పొద్దస్తమానం ఆడదాని ముందు డాన్సు చేస్తూనే ఉంటుంది. ఆడదానికి మాత్రం తొలిసారి జతకట్టే ముందు, ఆ తర్వాత పిల్లలు పెట్టినప్పుడల్లా ఓ నాలుగు రోజులు, అప్పుడే మగదాని నారింజ మచ్చలు కంటికి ఆనతాయి. మిగతా నెలంతా పక్కకి తప్పుకుని మేత వెతుక్కుంటుంది. "ఇంకా ఎన్నాళ్లే" అని అడిగే మేనత్త దానికి లేదు.

మీకు నచ్చే చేప ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సులో ఉంది, బర్టోని అని. మగదానికి సొంత జాగా ఉంటే పసుపో నీలమో రంగు తేలి, కంటి నుంచి దవడ దాకా కాటుక దిద్దినట్టు నల్లగీతతో వెలిగిపోతుంది. జాగా పోయిందా, నిమిషాల్లో రంగు వెలిసి ఆడచేపల గుంపులో కలిసిపోతుంది. కోకాపేటలో ఫ్లాటుందా అని మీరు ఆరా తీసేది ఇదే కదా! కాకపోతే చిన్న చిక్కు. కడుపులో గుడ్లు నిండిన ఆడచేపే జాగా ఉన్నవాడిని ఏరుకుంటుంది. లేని రోజుల్లో దానికి ఆస్తిపరుడూ అద్దెకున్నవాడూ ఒకటే. గుడ్లు నిండినా చాలదు. అవి విడుదలయ్యే వేళకి ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్‌టూ ఆల్ఫా అనే హార్మోను ఊరాలి, దాన్ని అందుకునే గ్రాహకం ఉండాలి. 2016లో జన్యువును కత్తిరించి ఆ గ్రాహకం లేకుండా చేసి చూశారు. కడుపు నిండా గుడ్లున్నా ఆ ఆడచేపలు జతకు దిగలేదు.

మీరు గోత్రం అడుగుతారు, ఎత్తు అడుగుతారు, ప్యాకేజీ అడుగుతారు. పిల్ల ఇప్పుడు ఎంచుకునే స్థితిలో ఉందా అన్న ఒక్క ప్రశ్న మీ దగ్గర లేదు. ఆదివారం పదకొండింటికి వర్జ్యం లేదని పంతులుగారు చెప్పారు కాబట్టి నాకు ఆదివారం పదకొండింటికి మనసు పుట్టాలి.

ఇది చదివి "అంతా హార్మోన్లమ్మా" అని ఎవరూ మొదలెట్టకండి. మొన్న నా మొహం వేలాడింది శనివారం రాత్రి రెండు దాకా ఆఫీసు కాల్ నడిచి.

ఇంకో సంగతి, మా పెద్దమ్మ చెవిన పడనివ్వకండి. అదే ప్రోస్టాగ్లాండిన్‌ను గోల్డ్‌ఫిష్‌కి సూదితో ఎక్కిస్తే గుడ్లు విడుదల కాకపోయినా గుడ్లు పెట్టే తంతు మొదలెడుతుంది. రామ్‌నగర్ మార్కెట్లో మనం కొనే రవ్వ చేప నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టదు. 1957లో హీరాలాల్ చౌధురి మెదడు కింద ఉండే పీయూష గ్రంథి సారం ఎక్కించి కార్ప్ చేపల (మన రవ్వ కూడా ఆ కుటుంబమే) చేత గుడ్లు పెట్టించారు, హేచరీలు ఆ దారినే పట్టాయి. పెద్దమ్మకి తెలిస్తే ఆ సూది ఏ మెడికల్ షాపులో దొరుకుతుందని అడుగుతుంది.

వచ్చే ఆదివారం పన్నెండోసారి వస్తున్నారట. నిన్న రాత్రే మా గప్పీ పిల్లలు పెట్టింది. ఈ వారం మా ఇంట్లో ఎంచుకునే మూడ్‌లో ఉన్నది అదొక్కటే. అబ్బాయిని నారింజ చొక్కా వేసుకుని రమ్మనండి.

ఇట్లు,
కాఫీ ట్రే పట్టుకున్న పిల్ల