పాట వినకండి, తీర్పు చెడిపోతుంది

కొత్త పాట వస్తే ముందు వినాలని, బాగుందో లేదో ఆ తర్వాతే చెప్పాలని పట్టుబట్టేవాళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నారు. వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ వింటే ఏమవుతుందో కాస్త ఆలోచించండి. మనకు పడని గాయకుడి పాట నచ్చేయొచ్చు. నెత్తిన పెట్టుకున్న గాయని పాట చప్పగా అనిపించొచ్చు. ఏళ్ల తరబడి పెంచి పోషించిన అభిప్రాయం మూడున్నర నిమిషాల్లో గంగలో కలిసిపోతుంది. నిఖార్సైన అభిమాని అలాంటి రిస్కు తీసుకోడు.

2024 ఏప్రిల్ 19నే తీసుకోండి. ఆ రోజు అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ న్యూయార్క్ టైం ప్రకారం అర్ధరాత్రి విడుదలైంది. మనకు శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నర, ఆఫీసుకు పరిగెత్తే వేళ. పదహారు పాటలే కదా, మీటింగుల్లో తలూపుతూ ఒక చెవితో లాగించేద్దాం అనుకున్నవాళ్లున్నారు. రెండు గంటలు తిరిగేసరికి ఆవిడ ఇంకో పదిహేను పాటలు వదిలింది. మొత్తం 31. ఏకబిగిన వింటే రెండు గంటలు దాటుతుంది. ఈలోగా 'కళాఖండం' అన్న తీర్పు, 'చెత్త' అన్న తీర్పు రెండూ వెలువడి, కొట్టివేతలు, అప్పీళ్లు కూడా నడిచాయి. బుద్ధిగా ఆఖరి పాటదాకా విన్న అమాయకుడు ఇయర్‌ఫోన్స్ తీసి నోరు విప్పేసరికి జనం ఇంకో గొడవలో ఉన్నారు.

విని రాసినవాళ్ల గతి ఏమైందో కూడా చూడండి. పేస్ట్ అనే అమెరికా పత్రిక ఆ ఆల్బమ్‌ను ఉతికి ఆరేసింది. అయితే రాసినవారి పేరు వెయ్యలేదు. 2019లో ఇదే గాయని ఆల్బమ్ మీద సమీక్ష రాసినవారికి బెదిరింపులు వచ్చాయని, అందుకే ఈసారి పేరు ఇవ్వడం లేదని వివరణ ఇచ్చుకుంది. మన ఊళ్లలో తరతరాలుగా అజ్ఞాతంగా సాహితీసేవ చేస్తున్న ఆకాశరామన్నకు ఇన్నాళ్లకు అంతర్జాతీయ గుర్తింపు దక్కింది.

మరి వినడం మానేస్తే అభిమానికి పనేముంటుంది అంటారా? బోలెడంత పని. లెక్కలు చూసుకోవాలి.

2021 మే 21న కొరియా పాటల బృందం బీటీఎస్ వాళ్ల 'బటర్' పాట వచ్చినప్పుడు మా మేనకోడలు మా ఇంట్లోనే ఉండేది. అదీ మన తొమ్మిదిన్నరకే. అమెరికా అర్ధరాత్రి, కొరియా మధ్యాహ్నం ఒంటిగంట, రెండూ మనకు వచ్చి పడేది టిఫిన్ల వేళే. హైదరాబాద్‌లో లాక్‌డౌన్, పది దాటితే బయట తిరగనివ్వరు. అరగంటలో కూరగాయలు తెచ్చుకోవాలని ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉంటే, ఆ పిల్ల తన ఫోను, మా ఫోన్లు, అటక మీంచి దింపిన పగిలిన ఫోనుతో సహా మంచం మీద వరసగా పేర్చి కూర్చుంది. ఒక్కో దాంట్లో పాట ఒకసారి మోగాక మధ్యలో వేరే వీడియోలు రెండు మూడు పెట్టాలట, లేకపోతే యూట్యూబ్‌కి అనుమానం వస్తుందట. సౌండ్ పూర్తిగా తగ్గిస్తే వ్యూ పడదట. అందుకని సగం సౌండ్ పెట్టి, గోల భరించలేక, ఫోన్లన్నీ దిండ్ల కింద దోపింది.

"ఎలా ఉందే పాట?" అన్నాను.

"ఇంకా వినలేదు మామయ్యా. ముందు స్ట్రీమింగ్ అవ్వాలి కదా!"

ఇంటిల్లిపాదిలో ఆ పాట విన్నది మా అమ్మ ఒక్కతే. "గొంతు బాగానే ఉంది. ఊపిరాడక అల్లాడుతున్నట్టున్నాడు, ఆ దిండు తియ్యవే" అంది. 24 గంటల్లో 10.82 కోట్ల వ్యూలతో కొత్త రికార్డు పడింది. అందులో మా వాటా ఎంతో తెలీదు గానీ, ఆ పూట కూరల్లేక పప్పుచారుతో సరిపెట్టుకున్నాం.

పాటల యాప్ స్పాటిఫై వాళ్లు ఇంకా ఉదారులు. 30 సెకన్లు మోగితే చాలు, ఒక స్ట్రీమ్ కింద రాసుకుంటారు. ఆ తర్వాత చరణం విన్నా, వీధి చివర కుక్క అరుపు విన్నా లెక్కలో తేడా రాదు. యూట్యూబే కాస్త చాదస్తం. 2019 జులైలో హిందీ ర్యాపర్ బాద్‌షా పాట ఒకటి ఒక్కరోజులో ఏడున్నర కోట్ల వ్యూలు సాధించిందన్నారు. అందులో డబ్బిచ్చి వేయించిన యాడ్ల వ్యూలూ ఉన్నాయని గొడవైంది. సెప్టెంబరుకల్లా 24 గంటల రికార్డులకు యాడ్ల వ్యూలు చెల్లవని రూలు పెట్టేశారు. ఎన్నికల్లో కూడా లేని ఈ నిష్ఠ పాటల దగ్గర అవసరమా?

ఈ శాస్త్రంలో తెలుగువాళ్లం ఎవరికీ తీసిపోం. వెనకటికి శిల్పకళావేదికలో ఆడియో ఫంక్షన్ చేసి, క్యాసెట్టు కొని ఇంటికి తెచ్చుకుని రెండు వైపులూ వింటే గానీ నోరు విప్పేవాళ్లం కాదు. అది చీకటి యుగం. ఇప్పుడు ప్రోమో ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఒక పోస్టరు, ఆ తర్వాత ప్రోమో, ఆ తర్వాత పాట టైం చెప్పే ఇంకో పోస్టరు. రెండో పోస్టరు నాటికే పాట హిట్టో ఫట్టో తేల్చేస్తాం. చివరికి లిరికల్ వీడియో వస్తుంది. పాపం, కవి రాసిన ప్రతి మాటా రంగురంగుల అక్షరాల్లో తెర మీద ఆడుతుంది. మన చూపు మాత్రం దాని కింద వ్యూల అంకె మీదే.

ఇక కాపీలు పట్టే దర్యాప్తు విభాగం. 2024 ఆగస్టులో 'దేవర' నుంచి 'చుట్టమల్లే' వచ్చిందో లేదో, సింహళంలో వచ్చిన 'మణికే మగే హితే'ను పక్కన పెట్టి నిందితుణ్ని పట్టుకొచ్చేశారు. సింహళంలో ఒక్క ముక్క రాకపోయినా ఆధారాలు సమర్పించారు. అదే పాట రామజోగయ్య శాస్త్రి రాశారని, శిల్పారావు పాడారని ఎవరైనా చెబితే, "అవునా? ఆ సంగతి అలా ఉంచండి, కాపీయా కాదా?" అన్నారు.

కాబట్టి ఆడియో కంపెనీలకు నాదో మనవి. ఇంత యంత్రాంగం సజావుగా నడుస్తున్నప్పుడు మధ్యలో పాట ఒక్కటే అడ్డం. పోస్టర్లు, ప్రోమో, గంటగంటకూ పెరిగే అంకె, ఇవి చాలు. సంగీత దర్శకుడికి నిద్ర మిగులుతుంది, నిర్మాతకు డబ్బు మిగులుతుంది. పాటే లేకపోతే దర్యాప్తు విభాగం వీధిన పడుతుందేమోనని మొదట నేనూ బెంగపడ్డాను. అక్కర్లేదు. 2002లో మైక్ బ్యాట్ అనే బ్రిటిష్ సంగీతకారుడు, ప్లానెట్స్ అనే బృందానికి తాను చేసిన ఆల్బమ్‌లో ఒక నిమిషం పాటు ఏ శబ్దమూ లేకుండా వదిలేసి, దాని కర్తగా తన పేరు పక్కన కేజ్ అని కూడా వేశాడు. మౌనంతోనే ఒక సంగీత రచన చేసిన అమెరికా స్వరకర్త జాన్ కేజ్ తరఫు ప్రచురణకర్తలు వచ్చి, రాయల్టీ సంగతేమిటని నిలదీశారు.