విదేశంలో ఉచిత బస: అద్దె ఉండదు, డ్యూటీ ఉంటుంది

లండన్‌లో పదిహేను రోజులు ఉండాలనుకునే జంటకు ముందు గుండె గుభేలుమనిపించేది హోటల్ బిల్లే. అక్కడే హౌస్ సిట్టింగ్ ఆశ పుడుతుంది. ఇంటివాళ్ళు సెలవులకు ఊరెళ్తారు, మీరు వాళ్ళింట్లో ఉండి కుక్కనో పిల్లినో చూసుకుంటారు. ఇచ్చిపుచ్చుకోవడాల్లో డబ్బు ఊసుండదు. 2010లో బ్రిటన్‌లో మొదలైన ట్రస్టెడ్ హౌస్‌సిటర్స్ లాంటి వెబ్‌సైట్లు ఏడాది చందా తీసుకుని రెండు పక్షాలనూ కలుపుతాయి. చందా పోగా మిగతాదంతా ఉచితమే కదా అనుకుంటారు. తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. అద్దెకు బదులు పని చేస్తున్నారు. ఇమిగ్రేషన్ అధికారి కంటికి ఆనేది కూడా ఆ పనే.

న్యూజిలాండ్ నిబంధనల్లో పనికి బదులుగా దొరికే బస, భోజనం కూడా ప్రతిఫలం కిందికే వస్తాయి, అంటే అది ఉద్యోగం లెక్కే. అమెరికా కూడా ఈ విషయంలో ఉదారంగా ఏమీ లేదు. 2022లో కెనడాకు పిల్లుల్ని చూసుకోవడానికి వెళ్తూ లాస్ ఏంజెలెస్‌లో విమానం మారబోయిన ఒక ఆస్ట్రేలియా యువతిని అధికారులు ఆపి, ప్రశ్నలు వేసి, వెనక్కి పంపేశారు. వీసా అక్కర్లేని పాస్‌పోర్టుకే ఆ గతి పట్టింది. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు దరఖాస్తు చేసే మనవాళ్ళు బస ఎక్కడో ఆధారాలతో చూపాలి. ‘స్నేహితుల ఇల్లు’ అని రాసి గట్టెక్కుదామనుకుంటే, పట్టుబడిన రోజు ఆ అబద్ధం తర్వాతి వీసాలకూ అడ్డం పడుతుంది. కనీసం 30,000 యూరోలకు తీసుకోమనే ఇన్సూరెన్సు చూసేది మీ ఆరోగ్యాన్ని. మీ చేతిలోని కుక్క పక్కింటాయన్ని కరిస్తే అది ఆదుకోదు. కాబట్టి విజిటర్ వీసా మీద ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మేలు. అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఆ దేశంలో ఊళ్ళు తిరగడానికి వాడుకుంటే పేచీ లేదు. హెచ్1బీ వాళ్ళు మాత్రం స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప వేరే పని చేయకూడదన్న సంగతి గుర్తుంచుకుని, ముందు లాయర్ని అడగాలి.

వీసా చిక్కు లేదనుకుందాం. తర్వాత తేల్చుకోవాల్సింది కుక్కా, పిల్లా అన్నది. ఇంటివాళ్ళు చాలామంది జంటలనే కోరుకుంటారు, ఒకరు బయటికెళ్ళినా ఒకరు ఇంట్లో ఉంటారని. జంటకేమో కలిసి తిరగాలని ఉంటుంది. కుక్కను నాలుగు గంటలకు మించి ఒంటరిగా వదలొద్దని బ్రిటన్‌లో జంతు సంక్షేమ సంస్థలు చెబుతాయి. లండన్ నుంచి స్టోన్‌హెంజ్ చూసి రావాలంటే రోజు గడిచిపోతుంది. అంటే ఒకరు రాళ్ళు చూస్తుంటే ఇంకొకరు కుక్కను చూస్తూ కూర్చోవాలి! ఊళ్ళు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు పిల్లి ఉన్న ఇల్లే నయం. పొద్దున, సాయంత్రం తిండి, రోజూ లిట్టర్ (పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టె) శుభ్రం చేయడం, కాసేపు ఆట. పిల్లి అంటే పని లేదని కాదు. కొత్తవాళ్ళను చూసి మంచం కింద దూరి తిండి మానేస్తే రెండు మూడు రోజుల్లోనే కాలేయం దెబ్బతినొచ్చు. మగ పిల్లి మాటిమాటికీ లిట్టర్‌లో కూర్చుంటూ చుక్క మూత్రం పోయలేకపోతే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇద్దరుండడమే ప్రమాదమయ్యే చోటు మందుల దగ్గర ఉంది. షుగరున్న కుక్కకు 12 గంటల తేడాతో రోజుకు రెండు ఇన్సులిన్ ఇంజెక్షన్లు. భార్య పొద్దున వేసింది, భర్తకు తెలియక మళ్ళీ వేశాడు. షుగరు పడిపోయి కుక్కకు ఫిట్స్ రావడానికి ఆ ఒక్క పొరపాటు చాలు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, వేసినవాళ్ళు వేసిన వెంటనే టైము రాసి సంతకం పెట్టడమే దీనికి విరుగుడు. వేశామో లేదో అనుమానం వస్తే ఆ పూట మళ్ళీ వేయకూడదు. తిండి తినకపోతే డోసు సొంతంగా తేల్చుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. సిరంజి సంగతి ఇంకా ముఖ్యం. జంతువుల కోసం తయారయ్యే కానిన్సులిన్‌లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. కొన్ని పిల్లులకు మనుషుల ఇన్సులిన్ ఇస్తారు, అందులో 100. మన ఇళ్ళలో షుగరున్నవాళ్ళకు ఎర్ర మూత (40), నారింజ మూత (100) సిరంజిల తేడా బాగా తెలుసు. ఆ తెలివి ఇక్కడ పనికొస్తుంది. 100 యూనిట్ల మందును 40 సిరంజిలో పదో గీత దాకా లాగితే లోపలికెళ్ళేది 25 యూనిట్లు. తిరగేసి, 40 మందును 100 సిరంజిలో లాగితే 4 మాత్రమే.

మన వంటతోనూ జాగ్రత్త అవసరం. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు, పిల్లులకు రెండింటికీ విషమే, సాంబారు కలిపిన అన్నం ప్రేమతో పెట్టినా సరే. పాయసంలోని కిస్‌మిస్‌లు కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలవు. పిల్లి ఉన్న ఇంట్లో లిల్లీ పూలు (మన దగ్గర అలా పిలిచే రజనీగంధ కాదు, బొకేల్లో పెట్టే పెద్ద లిల్లీలు) అసలుండకూడదు.

ఇంటి సంగతికొస్తే, మెయిన్ నీళ్ళ వాల్వు ఎక్కడుందో ఇంటివాళ్ళు వెళ్ళకముందే తిప్పి చూడాలి. పైపు పగిలాక వెతుక్కోవడం కుదరదు. బ్రిటన్ ఇళ్ళలో నీళ్ళనూ గదులనూ వేడి చేసే బాయిలర్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి, బాగా తగ్గితే వేడినీళ్ళు ఆగిపోతాయి. తాళంచెవులు రెండు జతలు అడగాలి.

ఇల్లు అప్పగించే పక్షాన ఉన్న తెలుగువాళ్ళకూ ఒక ముచ్చట. డాలస్ నుంచి సంక్రాంతికి హైదరాబాద్ వచ్చి నెల రోజులుండే జంటకు కుక్కల్ని డబ్బుకు ఉంచుకునే కెనెల్ కన్నా ఇంట్లో ఉండి చూసుకునే సిటర్ నయమే, కుక్క తన చోట తానుంటుంది. అయితే జనవరిలో రెండూళ్ళకూ పదకొండున్నర గంటల తేడా. అక్కడ మధ్యాహ్నం రెండింటికి కుక్కకు ఆపరేషన్ చేయాలా వద్దా అని సిటర్ ఫోన్ చేస్తే ఇక్కడ అర్ధరాత్రి ఒకటిన్నర, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. అందుకే బయల్దేరే ముందే ఆసుపత్రిలో ఒక కాగితం రాసిచ్చి రావాలి: మేము దొరక్కపోతే ఫలానా వ్యక్తి నిర్ణయం తీసుకోవచ్చు, ఇన్ని డాలర్ల దాకా ఖర్చు పెట్టొచ్చు, డబ్బు ఈ కార్డు నుంచి తీసుకోవచ్చు అని. దాని నకలొకటి సిటర్ చేతిలోనూ ఉండాలి.