చెరువుకున్న కొలత కణితికి లేదు

భీమవరం వైపు రొయ్యల రైతు తెల్లవారుజామున మూడు గంటలకు టార్చి పట్టుకుని గట్టు మీదికి వస్తాడు. మీటరు ముంచి నీటిలో ఆక్సిజన్ చూస్తాడు. రొయ్యలు పైకి తేలుతుంటే నీటికి గాలి అందించే ఏరేటర్లు పెంచి, ఆ పూట మేత ఆపేస్తాడు. అదే రైతుకు ఊపిరితిత్తుల కేన్సర్ వస్తే, కొన్ని దశల్లో, కణితిలో ఆక్సిజన్ ఎంతుందో చూడకుండానే కీమో, రేడియేషన్ కలిపి మొదలుపెడతారు.

రక్తనాళానికి దూరమైన కేన్సర్ కణాలు ఆక్సిజన్ అందక చనిపోతాయని థామ్లిన్సన్, గ్రే అనే పరిశోధకులు 1955లోనే ఊపిరితిత్తుల కణితుల్లో చూపించారు. చచ్చిన కణాలతో పేచీ లేదు. వాటి అంచున అరకొర ఊపిరితో మిగిలినవే మొండివి. రేడియేషన్ డీఎన్‌ఏను తెంచినప్పుడు ఆ గాయం మానకుండా చేసేది ఆక్సిజనే. అది లేనిచోట అదే ఫలితానికి రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. తోడుగా ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు రక్తంతోనే వస్తుంది కనుక రక్తం సరిగా పారని మూలకు అదీ చాలినంత చేరదు. ప్రయోగశాల పళ్లెంలో కణాలు సాధారణంగా 21 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిలో పెరుగుతాయి. కణితిలో చాలాచోట్ల ఒకటి రెండు శాతమే. పళ్లెంలో గెలిచిన కీమో, రేడియేషన్ జోడీని కణితిలోనూ గెలిచినట్టే లెక్కవేయడం నాకు మింగుడుపడదు.

ఆక్సిజన్ లేని కణాలను చంపడానికి తెచ్చిన టిరాపజమైన్ అనే మందు రోగుల మీద చేసిన పెద్ద పరీక్షల్లో నిలబడలేదని కొందరు గుర్తుచేస్తారు. నిజమే. కానీ ఆక్సిజన్ తక్కువున్న కణితులను వేరుచేయకుండా అందరికీ ఇచ్చారు. ఊళ్లోని చెరువులన్నిటికీ ఒకే మందు చల్లి, పనిచేయలేదని మందును తిట్టినట్టుంది.

కణితిలో ఆక్సిజన్ చూపే ప్రత్యేక స్కాన్లు మన దాకా రావడానికి సమయం పట్టవచ్చు. చికిత్స సాగినన్నాళ్లూ, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ మీద కన్నేసి ఉంచడానికి స్కాన్ ఎందుకు? లంక పొగాకు చుట్ట మానిపించడానికి ఎందుకు? ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్, రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది.

అన్నిటికంటే నన్ను కలచివేసేది దూరం. రేడియేషన్‌ను ఆరు వారాలపాటు రోజూ కొంచెం చొప్పున ఇవ్వడంలో కిటుకుంది: ముందు వరస కణాలు చస్తే వెనకవాటికి ఆక్సిజన్ అందుతుంది, మర్నాటి సిట్టింగుకు అవి చిక్కుతాయి. మధ్యలో ఆపితే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి. కోనసీమ లంకలో ఉండే మనిషికి గోదావరి వరదతో పడవ ఆగితే సిట్టింగు పోయినట్టే. చెరువుకు కరెంటు పోతుందని జనరేటరు సిద్ధంగా పెట్టుకునే నేల ఇది. ఆ మనిషికి ఆస్పత్రి పక్కన ఆరు వారాలు ఒక గది, రెండు పూటలా భోజనం ప్రభుత్వమే చికిత్సలో భాగంగా చూపాలి.