ఏడాది డిప్లొమాలో చూడాల్సింది ల్యాబ్ గంటలు

డిగ్రీ ఫలితాలొచ్చిన వారంలో ఆమదాలవలస నుంచి ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మేస్టారూ, ఎంసీఏ అయితే రెండేళ్లు, కంప్యూటర్స్‌లో పీజీ డిప్లొమా ఏడాదేనట. ఏటి చేయమంటారు?" కుర్రాడు బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేశాడు. కాలేజీలో పాఠాలు చెప్పుకునే నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్నే ఇది.

అబ్బాయి తెచ్చిన ల్యాబ్ రికార్డు ముచ్చటగా ఉంది. కుడి పేజీలో ప్రోగ్రామ్, ఎడమ పేజీలో చేత్తో రాసిన ఔట్‌పుట్, కింద ఎర్రసిరా సంతకం. నా ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, డేటాను గొలుసులా కలిపి ఉంచే లింక్డ్ లిస్ట్‌లోంచి ఒక నోడ్, అంటే ఆ గొలుసులో ఒక లింకు, తీసేసే ప్రోగ్రామ్ రాయమన్నాను. చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. తప్పు వాడిది కాదు. వారానికి మూడు గంటల ల్యాబ్ అనుకున్నా, పదిహేను వారాలకు 45 గంటలు. ఒక మెషిన్‌ను ముగ్గురు పంచుకుంటే తలా 15.

కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ నడిపే అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్ పీజీ డిప్లొమా చూడండి. 24 వారాల్లో క్లాసు, ల్యాబ్ కలిపి 900 గంటలు. అంటే వారానికి 37 గంటల పైమాటే. ఆరు నెలల చదువుకి అంత పేరు రావడానికి ఈ గంటలే కారణమని నా నమ్మకం. అయితే ఉత్త బీఎస్సీతో అందులో చేరడం కుదరదు. బీటెక్, ఎంసీఏ, లేదా కంప్యూటర్స్, గణితం లాంటి సబ్జెక్టుల్లో పీజీ ఉండాలి. మన ఊళ్లలో చాలామందికి ఈ సంగతి దరఖాస్తు పెట్టేటప్పుడే తెలుస్తోంది.

ఎంసీఏ మూడేళ్లున్న రోజుల్లో ఏడాది డిప్లొమా వైపు మొగ్గడంలో అర్థముంది. 2020-21 నుంచి ఎంసీఏ రెండేళ్లయింది. ఇప్పుడు మిగిలేది ఒక్క ఏడాది. దానికోసం పీజీ డిగ్రీ వదులుకుంటే, రేపు లెక్చరర్ కావాలన్నా, అందుకు అర్హత పరీక్ష అయిన నెట్ రాయాలన్నా డిప్లొమా అక్కరకు రాదు. ఇప్పటికే వేరే పీజీ చేసి, ఉద్యోగం చేస్తూ దారి మార్చుకోవాలనుకునే వాళ్లకైతే డిప్లొమా మంచిదే.

ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ 2008 నుంచి ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది. అయినా మన పిల్లలు శ్రీకాకుళం రోడ్డులో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కంప్యూటర్ కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అమీర్‌పేట పోతున్నారు. హాస్టల్ గదికీ, కోచింగ్‌కీ అప్పుచేసి మరీ డబ్బు పంపే తల్లిదండ్రులను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అక్కడ వాళ్లు ముఖ్యంగా కొనుక్కునేది కంప్యూటర్ ముందు కూర్చునే సమయాన్ని. నేను పనిచేసిన ఒక కాలేజీలో సాయంత్రం నాలుగున్నరకల్లా ల్యాబ్‌కి తాళం పడేది. ఆ తాళం రాత్రి ఎనిమిదింటికి వేసి, ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని ఉంచి, ఆ గంటలకు క్రెడిట్లిచ్చే సాయంత్రం డిప్లొమా పెడితే సగంమందికి రైలెక్కే అవసరముండదు. కొత్త భవనం అక్కర్లేదు, ఉన్న మెషిన్లు పనిచేస్తే చాలు.

ఆ అబ్బాయిని ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయమన్నాను. ఈలోగా సాధన చేసుకోమని నా పాత ల్యాప్‌టాప్ ఇచ్చి పంపాను. నాలుగో రోజు ఫోన్ చేశాడు. నోడ్ తీసేసే ప్రోగ్రామ్ రన్ అయిందట. మొదటి నోడ్‌నే తీసేయమంటే మాత్రం ఇంకా ఎర్రర్ వస్తోందట.